డానియేలు పీటముడి

ఈ రాష్ట్ర న్యాయచరిత్ర ఎవరైనా రాసేటట్టయితే, డానియేలు ఫైళ్లకు వేసే ముడికి ఒక అధ్యాయం కేటాయించక తప్పదు. హుస్సేనీ ఆలం నుంచి నయాపూల్ పక్కనున్న కోర్టుకు నడిచివచ్చే అతను, పన్ను కేసుల్లో ప్రభుత్వ వకీలైన శ్రీహరిరావు గారి దగ్గర టెంపరరీ అటెండరు. ఆ రోజు వాదించే కట్టకు జారుముడి, వాయిదా పడే కట్టకు పీటముడి. జారుముడి కొస లాగితే వచ్చేస్తుంది. పీటముడి విప్పడం డానియేలుకు తప్ప ఎవరికీ చేతకాదు. ఇంట్లో పిండి సంచికి కూడా అదే ముడి వేస్తాడని భార్య స్వరూప ఫిర్యాదు. ఇంతటి ప్రతిభకు పర్మినెంటు ఆర్డరు రాకుండా ఉంటుందా అని అతని నమ్మకం. సిఫారసు చేస్తానని వకీలు గారు మాట కూడా ఇచ్చారు.

ఒక సాయంత్రం ఆయన నూనె మిల్లు కేసు కట్టకు పీటముడి వెయ్యమన్నారు.

"రేపు ఆఖరి వాదన గద సార్. విప్పాల్సొస్తది."

"విప్పేది నేను కదయ్యా. నువ్వు బిగించు."

డానియేలు బిగించాడు.

మర్నాడు మిల్లు వకీలు చేతులూపుకుంటూ వచ్చాడు, ఒక్క కాగితం తేలేదు. శ్రీహరిరావు గారు లేచి, మిల్లు చెప్పిన లెక్కకు ప్రభుత్వానికి అభ్యంతరం లేదని సెలవిచ్చి కూర్చున్నారు. ఏళ్లుగా నలిగిన కేసు చాయ్ చల్లారేలోపు ముగిసింది. వకీళ్లిద్దరూ ఒకే కారులో వెళ్లారు. బేరం ఎక్కడ కుదిరిందో తెలియకపోయినా, కుదిరిందని మాత్రం కారు తలుపు పట్టుకున్న డానియేలుకు అర్థమైంది.

అభ్యంతరం లేదని మేమెప్పుడు చెప్పామని పన్నుల శాఖ లొల్లి చేసింది. విచారణ వేశారు. శాఖ అభ్యంతరాలున్న కట్టను అటెండరు తన ముందు పెట్టనే లేదని వకీలు గారు రాసిచ్చారు. బిగించిన ముడి బిగించినట్టే ఉంది, అదే సాక్ష్యం.

స్వరూప ముందే హెచ్చరించింది. "సారు ఏయమన్నడని మొదాలు చెప్పు. ముడి ముచ్చట తర్వాత."

విచారణ అధికారి కట్టను తిప్పి చూసి, ఈ ముడి నీదేనా అని అడిగారు.

"నాదే సార్. గిట్ల ఇంకెవ్వలకు రాదు."

అధికారి అది రాసుకుని పెన్ను మూత పెట్టారు. సారే ఏయమన్నడని డానియేలు అన్నాడు గానీ, అడిగినదానికే జవాబు చెప్పమన్నారు. తర్వాత కట్ట విప్పడం ఎవరివల్లా కాక, మళ్లీ అతన్నే పిలిచి విప్పించుకున్నారు.

ఇప్పుడు శ్రీహరిరావు గారి దగ్గర అటెండరు బుచ్చయ్య. అతను కట్టలకు రబ్బరు బ్యాండ్లు వేస్తాడు.