మా డాబా మీద పురుగులు తినే మొక్కలు

డిగ్రీలో బోటనీ తీసుకున్నది ఇష్టంతో కాదు. పెద్దపల్లి కాలేజీలో ఆ సీటే మిగిలింది. ఆ చదువులో నాకు బాగా గుర్తున్నది ల్యాబులోని ఒక గాజు సీసా. అందులో మందునీళ్లలో నానుతూ నెపెంథిస్ ఆకు ఒకటి ఉండేది. ఆకు చివర తీగ, తీగ చివర మూతతో సహా చిన్న కూజా. రంగంతా పోయి ఉడికిన బెండకాయలా ఉండేది. "ఇది పురుగుల్ని పట్టి తింటుంది" అని చెప్పి మా మేడం పక్క సీసా దగ్గరికి వెళ్లిపోయింది. నేను అక్కడే నిలబడిపోయాను. ఉన్నచోటు నుంచి కదల్లేని మొక్క తన తిండి తాను పట్టుకుంటుందంటే నాకెందుకో చాలా న్యాయంగా అనిపించింది.

తర్వాత పెళ్లయింది, గోదావరిఖని వచ్చాను. నా భర్త ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడిపేవాడు. బొగ్గు కంపెనీ ఉద్యోగం కాదు. బొగ్గు పైనున్న మట్టిని తీసిపోసే ఒక ప్రైవేటు కాంట్రాక్టరు దగ్గర పని. కంపెనీ వాళ్లకు క్వార్టర్లుంటాయి, దవాఖాన ఉంటుంది. కాంట్రాక్టు వాళ్లకు డ్యూటీ ఉంటుంది, అంతే. మార్కెట్ వెనక ఒక బిల్డింగ్ పై అంతస్తులో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. నేను, ఆయన, మా అత్తమ్మ. మా గదుల ముందు ఖాళీ డాబా, కింద పళ్ల డాక్టరు క్లినిక్.

మొదటి మొక్క తెప్పించింది ఆయనే. ఒకరోజు అన్నం తింటూ ఆ సీసా సంగతి చెప్పాను. ఆయన ఎడమచేత్తో ఫోన్‌లో వెతికి ఫొటో చూపించాడు.

"గిదేనా నువ్వు జెప్పేది?"

"అది కాదు. అదింకోటి, వీనస్ ఫ్లైట్రాప్. ఈగ వాలితే ఆకు మూసుకుంటది."

"మంచిగున్నది గదా. తెప్పిద్దాం."

పార్సిల్‌లో వచ్చిన మొక్క బొటనవేలంత ఉంది. తులసికి పెట్టినట్టే ఎర్రమట్టి, పెంటఎరువు కలిపి కుండీలో పెట్టి, బోరు నీళ్లు పోశాను. వారం తిరక్కుండా ఆకులన్నీ నల్లబడి పడిపోయాయి. అప్పుడు కూర్చుని చదివాను. ఈ మొక్కలు పుట్టిందే సారం లేని నేలల్లో. మట్టిలో దొరకని బలం కోసమే పురుగుల్ని పడతాయి. వాటికి ఎరువు వేస్తే వేర్లు మాడిపోతాయి. ఉప్పు, సున్నం ఉన్న నీళ్లు పోస్తే మెల్లగా చస్తాయి. బతికించడానికి మనం చేసేవన్నీ వాటిని చంపేవే.

రెండోసారి జాగ్రత్తపడ్డాను. కొబ్బరిపొట్టును ఉప్పు పోయేదాకా కడిగి, కడిగిన ఇసుక కలిపాను. వాన నీళ్లు పట్టడానికి డ్రమ్ము పెట్టాను. మా ఊళ్లో తొలకరి నీళ్లు నల్లగా దిగుతాయి, డాబా మీద ఏడాదంతా పేరుకున్న బొగ్గు దుమ్ముతో. అందుకని మొదటి వానల్ని వదిలేసి తర్వాతవి పట్టేదాన్ని. ఎండాకాలంలో క్లినిక్ ఏసీ పైపు కింద బకెట్ పెట్టుకునేదాన్ని. ఆ నీళ్లలో ఉప్పుండదు. కంపౌండర్ మొదట్లో నవ్వేవాడు. తర్వాత బకెట్ నిండితే తనే మెట్ల దగ్గర పెట్టేవాడు.

ఫ్లైట్రాప్ నిలదొక్కుకున్నాక డ్రోసెరా తెప్పించాను. దాని ఆకుల నిండా సన్నటి ఎర్ర వెంట్రుకలు, ఒక్కో వెంట్రుక కొసన మంచుబొట్టులా జిగురు. దోమ వాలిందంటే లేవలేదు. ఆకు నిదానంగా దాని చుట్టూ ముడుచుకుంటుంది. బొగ్గు దుమ్ము పడితే ఆ బొట్లు బూడిదరంగుకు తిరిగేవి, పొద్దున్నే నీళ్లు చిలకరించి కడిగేదాన్ని. ఆ తర్వాత సారసీనియా, నిలువుగా బాకాల్లా లేచే మొక్క. కందిరీగలు కూడా అందులో పడి బయటికి రాలేకపోయేవి. చివరికి నెపెంథిస్ కూడా వచ్చింది. సీసాలో చూసినదాన్ని పచ్చగా, ప్రాణంతో చూడటానికి నాకు అన్నేళ్లు పట్టింది. వానాకాలం కూజాలు విచ్చేవి, అంచులు ఎర్రగా, లోపల నీళ్లతో. మే నెల వడగాడ్పుకు ఒక్కటీ నిలిచేది కాదు. తడిపిన గోనెసంచులు చుట్టూ కట్టి, ఆకులనైనా కాపాడుకునేదాన్ని.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ చేస్తే మా కిటికీలు గలగలలాడేవి, అత్తమ్మ గిన్నెలు వంటింటి గట్టు మీద జరిగేవి. ఫ్లైట్రాప్ మాత్రం కదిలేది కాదు. దాని ఆకులోపలి వెంట్రుకలకు వెంటవెంటనే రెండుసార్లు ఏదైనా తగిలితేనే మూసుకుంటుంది. ఊరికే మూసుకుని తెరుచుకోవడం దానికి దండగ. కొన్నిసార్లు అట్లా మోసపోతే ఆ ఆకు చచ్చిపోతుంది. అందుకే చూడటానికి వచ్చినవాళ్లను వేలు పెట్టనిచ్చేదాన్ని కాదు.

అత్తమ్మకు ఇదంతా నచ్చేది కాదు.

"పానాలు దినే చెట్లు ఇంట్లెందుకు బిడ్డా? మంచిదేనా?" అనేది.

చలికాలం ఫ్లైట్రాప్‌కు నిద్ర కావాలి. మా దగ్గర చలి చాలదని వేర్లకు తడి నాచు చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. ఆ రోజు అత్తమ్మ గొంతు క్లినిక్ దాకా వినబడింది.

"పెరుగు పక్కన చెట్టు వెడ్తరా ఎవలన్న?"

"నిద్రపోతాంది అత్తమ్మా. చలి అయిపోంగనే తీస్త."

"నా కొడుకు మూడు షిఫ్టులు జేసి నిద్రకు మొగం వాశిండు. చెట్టుకైతే ఫ్రిజ్జుల పరుపా?"

ఆయన పడీ పడీ నవ్వాడు. ఆ రోజుల్లో నవ్వేవాడు.

తర్వాత ఆయన నడుము పోయింది. ఒక్కసారిగా ఏం కాలేదు. డంపర్ సీటు మీద గుంతల్లో ఎగిరెగిరి పడి, మొదట డ్యూటీ దిగాక నొప్పి, తర్వాత నిద్రలో నొప్పి, చివరికి చెప్పులు వేసుకోవడానికి వంగలేకపోవడం. కరీంనగర్‌లో డాక్టరు ఎక్స్‌రే చూసి, బండి దిగితేనే నయమవుతుందన్నాడు. బండి దిగితే జీతం లేదు. ఒక్కటే దారి కనిపించింది. కాంట్రాక్టరు వర్క్‌షాపులో కూర్చుని చేసే పని. అది సైట్ మేనేజరు చేతిలో ఉంది.

ఆ మేనేజరు హైదరాబాద్ నుంచి వచ్చి, జ్యోతినగర్ దగ్గర పెద్ద ఇల్లు కిరాయికి తీసుకుని ఉండేవాడు. దసరాకు బండ్ల పూజ రోజు నా భర్త ఆయనకు ఫోన్‌లో మా మొక్కల ఫొటోలు చూపించాడట.

"సార్ వాళ్ల మేడంకు చెట్లంటే పానమట," అన్నాడు ఇంటికొచ్చి. "ఒక్కటిద్దామా?"

"ఇద్దాం," అన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఫ్లైట్రాప్‌కు పిల్ల వచ్చింది. వేరు చేసిస్త. ఎట్ల చూసుకోవాల్నో కాయితం మీద రాసిస్త."

ఆ వారమే మా అమ్మకు కంటి ఆపరేషన్. మంథని పోయి కొన్ని రోజులు ఉండాల్సి వచ్చింది. తిరిగి వచ్చి, సంచి కింద పెట్టకుండానే అలవాటుగా డాబా మీదికి నడిచాను. ఇనుప ర్యాక్ ఖాళీగా ఉంది. కుండీల కింద పెట్టే ప్లేట్లు కూడా లేవు. గోనెసంచులు మడిచి పక్కన పెట్టి ఉన్నాయి. అత్తమ్మ వంటగదిలోంచి బయటికి రాలేదు. ఆయన మంచం మీద పడుకుని ఉన్నాడు.

"చెట్లేవి?"

"సార్ ఇంటికి పంపిన."

"అన్నీ?"

"జీపు వచ్చింది. డ్రైవర్ అన్ని ఎక్కించుకున్నడు. ఫొటోల అన్ని చూసినంక ఒక్కటే ఇస్తే ఏం బాగుంటది?"

"నాకొక ఫోన్ జేస్తే అయిపోతుండె."

ఆయన గోడ వైపు తిరిగాడు. "చేస్తే నువ్వు ఇయ్యవు."

నాకు ఏడుపు రాలేదు. ఆ రాత్రి అన్నం వండాను, ఆయనకు నడుముకు నూనె రాశాను. అడిగితే ఇచ్చేదాన్ని. ఆయన వంగలేక చెప్పులు వెతుక్కోవడం రోజూ చూసినదాన్ని, ఇవ్వకుండా ఎట్లా ఉంటాను? మొక్కలు పోయినందుకు కోపం కొన్నాళ్లకు పోయేదేమో. నేను ఇవ్వనని అనుకున్నాడు చూడండి, అది పోలేదు. ఇన్నేళ్లు ఒకే కంచం ముందు కూర్చుని ఆయన నాలో చూసిన మనిషి అది. మొగుడి నడుముకన్నా ఈగల చెట్టు ఎక్కువనుకునే మనిషి.

మొక్కలైనా బతకాలని, మర్నాడు ఆటో ఎక్కి జ్యోతినగర్ పోయాను. మేడం మంచిగానే మాట్లాడింది. సోఫాలో కూర్చోబెట్టింది. టీవీ పక్కన, ఏసీ గాలికి ఎదురుగా నా మొక్కలు వరసగా ఉన్నాయి. అన్నీ కొత్త పింగాణీ కుండీల్లోకి మారాయి. కుండీల్లో నల్లటి మట్టి నిగనిగలాడుతోంది.

"ఆ ప్లాస్టిక్ డబ్బాల్లో బాగోలేవని మాలీతో మార్పించాను," అంది. "వర్మీ కంపోస్టు కూడా వేయించాను. కొంచెం బలం ఉంటుంది కదా."

"వీటికి ఎరువు పడదు మేడం. ఎండ కూడా కావాలి. వాన నీళ్లు గానీ ఏసీ నీళ్లు గానీ పోయాలి," అన్నాను.

"అవునా? మా మాలీకి చెబుతానులే అమ్మా." ఆమె లేచి ఫ్లైట్రాప్ ఆకులో వేలు పెట్టి ఆడించింది. ఆకు మూసుకుంది. "చూశావా? ఇంటికి ఎవరొచ్చినా ఇదే చూపిస్తున్నాను. అందరూ ఆశ్చర్యపోతున్నారు."

మూసుకున్న ఆకులు ఇంకా నాలుగైదు కనిపించాయి. ఒకదాంట్లో పనీర్ ముక్క ఇరుక్కుని బూజు పట్టింది. ఇప్పుడే ఆ మట్టి దులిపేసి, వేర్లు కడిగి, నా డబ్బాల్లో పెట్టేస్తే బతుకుతాయి. రెండు చేతులూ చాచితే అందేంత దూరం. "ఇవి చచ్చిపోతయి మేడం, నాకిచ్చెయ్యండి" అన్న మాట నాలుక మీదికి వచ్చింది. వర్క్‌షాపు గుర్తొచ్చి మింగేశాను. మేడం టీ ఇచ్చింది. వచ్చేటప్పుడు బొట్టు పెట్టి, అరటిపండ్లు, జాకెట్ ముక్క చేతిలో పెట్టింది.

"మీవారు చాలా మంచివారమ్మా. అడక్కుండానే అన్నీ పంపించారు," అంది.

నెపెంథిస్ ఒక్కటే కొన్నాళ్లు పోరాడిందట. మిగతావి సంక్రాంతి కూడా చూడలేదు. ఆ సంగతి మేనేజరే నా భర్తకు చెప్పాడు, నలుగురిలో.

"మీ ఇంటావిడ కుళ్లిన మొక్కలిచ్చినట్టుందయ్యా, మా ఆవిడ ఒకటే బాధపడుతోంది."

ఇంటికొచ్చి ఆయన ఆ మాట నాకు చెప్పాడు. ఎందుకు చెప్పాడో నాకిప్పటికీ తెలియదు. నేను ఏదో ఒకటి అంటాననుకున్నాడేమో. నేను పప్పులోకి పోపు పెడుతున్నాను, పెట్టడం ఆపలేదు.

వర్క్‌షాపు పని వేరే అతనికి వచ్చింది. అతను మేనేజరు ఊరివాడని కొందరు, యూనియన్ లీడరు చెప్పాడని కొందరు అన్నారు. కొన్నాళ్లకు మేనేజరు కూడా వేరే రాష్ట్రంలోని సైటుకు పోయాడు. ఆ ఎండాకాలమంతా నా భర్త నడుముకు బెల్టు కట్టుకుని డంపర్ నడిపాడు. వానలు పడే ముందు ఒకరోజు బండి నిచ్చెన దిగలేక అక్కడే కూర్చుండిపోతే తోటివాళ్లు దించి ఇంటికి తెచ్చారు. మళ్లీ ఎక్కలేదు. ఇప్పుడు ఒక ఫంక్షన్ హాలు గేటు దగ్గర కుర్చీలో కూర్చుంటాడు. పెళ్లిళ్ల రోజుల్లో రాత్రి కూడా ఉంటాడు. నేను ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పడానికి చేరాను.

స్కూల్లో చేరిన ఏడాది ఆయన పేరు మీద ఒక పార్సిల్ వచ్చింది. విప్పి నా ముందు పెట్టాడు. ఫ్లైట్రాప్. మొదటిసారి వచ్చినదానికన్నా పెద్దదే.

"నీకే," అన్నాడు. "మల్ల పెంచుకో. ఈసారి నేనెవలకూ ఇయ్య."

ఆ ఆఖరి మాట అనకుండా ఉంటే ఏమయ్యేదో. "సరే" అన్నాను. అత్తమ్మ అటకెక్కి పాత ప్లేట్లు ఏమైనా మిగిలాయేమోనని వెతికింది. "ఫ్రిజ్జుల జాగ జేస్త తీయ్ బిడ్డా, ఈసారి నేనేమన," అంది. ఆమె అట్లా అన్నందుకే ఆ రోజు నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు ఆ మొక్కను టిఫిన్ బ్యాగులో పెట్టుకుని స్కూలుకు తీసుకుపోయాను. ల్యాబు అని పేరు పెట్టిన గదిలో తూర్పు కిటికీ ఉంది. అక్కడ పెట్టాను. ఆఫీసు గది ఏసీ నీళ్లు పోస్తున్నాను. ఇప్పుడు కుండీ నిండా ఉంది, రెండు పిల్లలు కూడా పెట్టింది.

మొక్కను స్కూలుకు తీసుకుపోయిన పది రోజులకు ఆయన డాబా మీద చూసి వచ్చి అడిగాడు.

"ఆ చెట్టేమైంది?"

"సచ్చిపోయింది," అన్నాను.

"అయ్యో," అన్నాడు. గోడ పట్టుకుని మెల్లగా వంగి చెప్పులు వేసుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు.