మేనత్త పెళ్ళిలో వంకర సాలు

మా మేనత్త పోయిందన్న కబురు నేనుండే అన్నూరుకు బండి మీద వచ్చింది. ఆండిపట్టి వైపు నుంచి వచ్చిన బండివాడు ఎద్దుల్ని విప్పకుండానే, "మీ అత్త పొయ్యింది సామీ. నిద్దట్లోనే పొయ్యింది, కష్టపడలే" అన్నాడు. ఆ మాట నా చెవిన పడేసరికి అక్కడ అన్నీ అయిపోయాయి. నేను ఆమె తమ్ముడి కొడుకుని. పుట్టింటి చీర నా చేతులతో కప్పాలి, కప్పలేకపోయాను. ఎవరి మీద కోప్పడాలో తెలియక ఆ బండివాడి మీదే కోప్పడ్డాను. తర్వాత వాణ్ణే కూర్చోబెట్టి సంగటి పెట్టించాను. అత్త ఉంటే ముందు సంగటి పెట్టి, ఆ తర్వాత కోప్పడేది.

ఇది చదివేవాళ్ళలో ఆమె చేతి మజ్జిగ తాగినవాళ్ళు కొందరైనా ఉంటారు. ఆండిపట్టి దారి పక్కనే వాళ్ళ ఇల్లు. బండి ఏదైనా సరే, ఆపి మజ్జిగ పోసేది. పోసి ఊరుకునేది కాదు. ఎక్కడి నుంచి వస్తున్నారు, దారి ఎట్లా ఉంది, గుంటలు పడ్డాయా అని ఆరా తీసేది. పడ్డాయని ఎవరైనా అన్నారో, లోపలికి తిరిగి, "ఏం మేస్త్రీ, నీ దారి గుంటలు పడిందంట, విన్యావా?" అని కేకేసేది. మామ దారులు వేసే పని మానుకుని ఎన్నేళ్ళయినా ఆ దారి ఆమె లెక్కలో ఆయనదే. కట్టుకున్నవాణ్ణి మేస్త్రీ అని పిలిచే ఆడది మా వాళ్ళలో ఇంకొకరు లేరు. ముసలమ్మలు ముక్కున వేలేసుకునేవాళ్ళు. మామ మాత్రం ఆ పిలుపుకే పలికేవాడు.

మనవడెవడైనా అరవంలో జవాబిస్తే ఆమెకు ఒళ్ళు మండేది. "తెలుగులో పలకరా" అనేది. "శరి పాటీ" అనేవాడు వాడు. "పాటీ కాదు, అవ్వా అను. అదుదాన్ మన పేచ్చు" అని, అదే మన మాట అనడానికి, తనే అరవంలో దిద్దేది. అందరూ నవ్వితే ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఆమె కూడా నవ్వేది.

వాళ్ళిద్దరూ కలిసింది ఒక తగాదాలో. అప్పుడు కుంపిణీ దొరలు మా వైపు దారులు వేయిస్తున్నారు. మామ మదురై దిక్కున మన వాళ్ళ అబ్బాయే. సేద్యం వదిలి చిన్నప్పుడే దారిపనిలో చేరి మేస్త్రీ అయ్యాడు. తాడు కట్టి, మేకులు పాతి, దారి ఎటు పోవాలో గీత గీసేవాడు. ఆ గీత సరిగ్గా మా తాత కళ్ళం మీదుగా పోయింది. జొన్నలు నూర్చే చోటు. తాత దొరల పని అని నోరు మూసుకున్నాడు. అత్త మూసుకోలేదు. పొద్దున మేస్త్రీ పాతిన మేకుల్ని మధ్యాహ్నానికి పీకి గట్టున పేర్చి పెట్టేది.

ఈ కథ నాకు ఆమె ఎన్నిసార్లు చెప్పిందో. "నేను పీకేది, ఆయన పాతేది. ఒకనాడు నిలబడి అడిగినాడు, ఎందుకమ్మా పీకతా ఉండావు అని. మా కళ్ళం మీద నడిస్తే నీ కాళ్ళు విరగ్గొడతా అన్న్యా. సరే, ఎటు తిప్పేది నువ్వే చెప్పు అన్న్యాడు. నన్ను ఎవురూ అంతవరకూ అట్లా అడగలేదు రా." ఆ చివరి మాట దగ్గర ఆమె గొంతు ప్రతిసారీ మెత్తబడేది. ఆమె చూపించినట్టే మామ మేకులు మార్చాడు. వంపు ఎందుకని దొర అడిగితే, అక్కడ నేల మెత్తన అని చెప్పాడట. నల్లరేగడి ఎక్కడ మెత్తన కాదు? దొర నమ్మాడు. ఆ వంపు ఇప్పటికీ ఉంది, బండి అక్కడ ఒక పక్కకు ఒరుగుతుంది.

వంపు తిరిగింది దారి ఒక్కటే కాదు. అత్తను మేనమామ కొడుక్కి ఇవ్వాలని ఆమె పుట్టినప్పుడే అనుకున్నారు. మంచివాడు, ఊళ్ళో అతనంత బాగా దున్నేవాడు లేడు. అత్త అతని దగ్గరికే వెళ్ళి, "బావా, నాకు మేస్త్రీ మీద మనసు పోయింది. నువ్వు వద్దంటే నేను గొంతెత్తను" అని చెప్పింది. అతను ఆ పూట అన్నం తినలేదట. మరుసటి రోజు వచ్చి, "నా హక్కు వదులుకొంటా ఉండా మామా" అని తాతతో అన్నాడు.

తాతకు అది సరిపోలేదు. "మడక పట్టనోడికి నా బిడ్డనా? ఊరూరూ తిరిగేటోడు. వానికి నేల అంటే నడిచేదే గానీ విత్తేది కాదు" అన్నాడు. బంధువులు నచ్చచెప్పగా చెప్పగా ఒక్క మాట మీద ఒప్పుకున్నాడు. మా పెళ్ళిళ్ళలో మూడోనాడు కొత్త అల్లుడు పెరట్లో ఆటమడకతో, అంటే బొమ్మ నాగలితో, తడిమన్ను గీస్తాడు, పెళ్ళికూతురు వెనకాలే గింజలు చల్లుతుంది. నవ్వులాట అది. "ఆటమడక కాదు. చేలో నిజం మడకతో ఒక్క సాలు తొయ్యమను. అది చూసినాకనే బిడ్డను పంపిస్తా" అన్నాడు తాత.

పెళ్ళి పాతపద్ధతిలోనే, పచ్చకొమ్మల పందిట్లో, నల్ల కంబళి మీద జరిగింది. కొత్త సరుకంతా మామ తెచ్చిందే. పంచె మీద దొరల కోటు తొడుక్కుని వచ్చాడు. పెళ్ళికూతురి తలమీద నలుగురు పట్టే గుడ్డకు బదులు నల్లగొడుగు పట్టించాడు. దొర దగ్గర అడిగి తెచ్చిన జేబు గడియారం చూసి ముహూర్తం అయిందన్నాడు, నీడ చూసిన పురోహితుడు కాలేదన్నాడు. కాసేపు వాదించుకున్నాక పురోహితుడు ఆ గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని టిక్కుటిక్కు వింటూ మంత్రం మరిచిపోయాడట. అందరూ నవ్వారు. తాత నవ్వలేదు.

మూడోనాటికి, ముందురోజు రాత్రి కురిసిన వానకు రేగడి జిగటగా ఉంది. హక్కు వదులుకున్న బావే ఎద్దుల్ని ముందుండి నడిపించాలి, మనసారా వదులుకున్నాడనడానికి అదే గుర్తు. మామ కోటు విప్పి మడక మేడి పట్టాడు. పట్టిన తీరు చూసే గట్టు మీద జనం గుసగుసలాడారు. రెండడుగులు వేశాడో లేదో కర్రు లోతుకు దిగి ఎద్దులు ఆగిపోయాయి. తర్వాత పైకి తేలి మన్ను గీరుకుంటూ పోయింది.

ఆ సమయంలో పెళ్ళికూతురు నోరు విప్పకూడదు. అత్త విప్పింది. గింజలు వేస్తూ, తల వంచుకునే, మెల్లగా చెప్పసాగింది. "మేడి అదమొద్దు, వదులుగా పట్టు. ఎడమకు వాల్చు. కర్రుకు మన్ను పట్టింది, కాలితో తొయ్యి." మామ ఆమె చెప్పినట్టే చేశాడు. చెమట కారుతున్నా తల తిప్పలేదు. ముందున్న బావకు ఇదంతా వినబడింది. గట్టు మీదికి ఒక్క మాట అంటే చాలు, పెళ్ళికూతురు అక్కడే ఉండిపోయేది. అతను మాత్రం ఎద్దుల్ని మెల్లగా, ఇంకా మెల్లగా నడిపించాడు, వెనక నుంచి ఆమె మాట మామకు అందేటట్టుగా. ఆ మనిషిని నేను ముసలితనంలో చూశాను, చూసినప్పుడల్లా చేతులెత్తి దండం పెట్టాను.

సాలు చివరికి చేరింది. పాము పాకినట్టుంది. అందరూ తాత వైపు చూశారు. బావే ముందు నోరు తెరిచాడు. "బాగుండాది మామా. పంపించు."

తాత ఆ సాలును చూశాడు, అల్లుడి బురదకాళ్ళు చూశాడు. "తీసకపోండి" అని వెనుదిరిగాడు. దీవించలేదు.

బండి కట్టారు. పసుపుకుంకుమలు పెట్టారు, ఒడి నింపారు. తాత సాగనంపడానికి రాలేదు. "నాయన కోపం పోలేదు, ఈ గడప ఇంక నాకు లేదు అని ఏడ్చుకొంటా కూర్చున్న్యా" అని చెప్పేది అత్త. మామ గొడుగు విప్పి ఆమె మీద పట్టాడట, ఎండ లేకపోయినా. బండి చేని పక్కగా పోతుండగా ఆమె తల ఎత్తింది.

ఒక్క సాలే దున్నారు కదా, పక్క సాలు మన్ను పడక గింజలన్నీ పైనే ఉండిపోయాయి, పిట్టలు వాలుతున్నాయి. తాత ఒక్కడే చేలో ఉన్నాడు. పంచె పైకి కట్టుకుని, తల వంచుకుని, ఆ వంకర ఎటు తిరిగితే అటు తిరుగుతూ, కూతురు వేసిన గింజల మీదికి పాదంతో మన్ను తోస్తున్నాడు.