లేచాయన్న మాట

ఏడేళ్ళుగా ఒక్క మాట గొంతులో మోస్తున్నాను. రోజూ డైరీ రాసే అలవాటున్నా అది మాత్రం అందులో రాయలేదు. మీరెవరో తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకని మావాళ్ళంతా విమానాలెక్కుతున్న రోజుల్లో నేనూ సింగపూర్ వచ్చాను. నా పని టెస్టింగ్. బుకిట్ పంజాంగ్‌లో అద్దె గది. మనుషులతో మాట్లాడడం చేతకాదు. అందుకే శనివారాలు దగ్గర్లోని ఒక పచ్చిక మైదానంలో సాయానికి వెళ్ళేదాన్ని. తుప్పలు పెరగకుండా అక్కడ ఆరు పొట్టి గుర్రాలనూ రెండు ఆవులనూ మేపేవారు. వాటిని చూసుకునే నారాయణ అంకుల్ మలేషియాలో పుట్టిన తెలుగాయన. మోకాళ్ళు అరిగిపోయాయి. కాబట్టి పొద్దున్నే తిరిగి చూసి రావడం నా వంతు, అన్నీ బాగున్నాయని కాగితం మీద సంతకం ఆయన వంతు. పడుకున్నదాన్ని లేచినట్టు లెక్కెయ్యకూడదని, లేపి నాలుగడుగులు నడిపించాకే లెక్కెయ్యాలని మొదటి రోజే నేర్పారు.

ఆ శనివారం వాన వెలిసింది. మోకాలెత్తు గడ్డి, అంతా తడి. ముసలి గోధుమరంగు గుర్రం దూరంగా పడుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నా సంచిలో నవల, ఇంకా పదిహేను పేజీలు. వెనక్కి వచ్చేశాను.

"లేసినాయా అమ్మా అన్నీ?" అన్నారు అంకుల్.

"లేచాయి అంకుల్."

"ఆ ముసల్ది కూడానా? దానికి నా కన్నా బద్దకం లా." అక్కడివాళ్ళ అలవాటు కొద్దీ మాట చివర ఆ "లా" చేర్చేవారాయన.

"అది కూడా."

"అయితే సరే. నువ్వు సూస్తే నేను సూసినట్టే."

సంతకం పెట్టారు. నేను షెడ్డులో కూర్చుని నవల ముగించాను.

నిద్ర లేచినా లేచినట్టే కదా అని అప్పుడు సర్దిచెప్పుకున్నాను. ఆయన అడిగింది అది కాదని నాకు తెలియదా? ఆఫీసులో నడిపి చూడని టెస్టుకు ఎన్నడూ టిక్కు పెట్టనిదాన్ని, లేవలేక పడి ఉన్న ప్రాణిని ఒక మాటకున్న రెండు అర్థాల మధ్య వదిలి ఎలా రాగలిగాను?

మధ్యాహ్నానికీ అది లేవకపోతే పశువుల డాక్టరును పిలిపించారు. పేగు మెలిపడిందన్నారు. పొద్దున్నే పిలిచి ఉంటే బతికేదేమోనన్నారు. సూది వేసి దాని బాధ ముగించారు. పొద్దున చూసిందెవరని మైదానం మేనేజరు అడిగితే అంకుల్ ఒక్కసారి నా వైపు చూశారు. నేను తల వంచుకున్నాను. తనే చూశానని చెప్పారాయన. మరుసటి వారం షెడ్డులో ఆయన స్థానంలో వేరే మనిషి ఉన్నాడు.

అమ్మ ఇప్పటికీ పొద్దున్నే ఫోన్ చేసి లేచావా అంటుంది. మంచం దిగి నాలుగడుగులు వేశాకే లేచానంటాను.

ఆయన ఎక్కడున్నారో తెలియదని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను. అదీ అబద్ధమే. సింగపూర్‌లోనే పాసిర్ రిస్‌లో తమ్ముడింట్లో ఉంటానని, తీరికైతే రమ్మని ఆ సాయంత్రమే చెప్పి వెళ్ళారు. నేను వెళ్ళలేదు.

ఆ గుర్రం లేవలేదని నాకు తెలుసు. తెలిసే చెప్పాను. ఆయన నా మాట నమ్మి సంతకం పెట్టారు. ఇంతే. రాస్తుంటే ఊపిరి కొంచెం లోపలిదాకా వెళ్తోంది.