భూటాన్ చూసొచ్చిన తువ్వాల

భూటాన్‌లో రోడ్ల పని చేస్తున్న తమ్ముడి దగ్గర వారం రోజులుండి, నేనూ మా ఆవిడా ఈ రోజే తిరిగొచ్చాం. అక్కడ ఎటు తిరగాలన్నా బస్సే దిక్కు. మొదటి రోజు మన సిరొంచ అలవాటుతో కిటికీలోంచి ముందు సీటు మీద తువ్వాల వేశాను. ఎక్కి చూస్తే ఒక ముసలమ్మ ఆ సీటు పక్కనే నిలబడి ఉంది. అక్కడ టికెట్ మీదే సీటు నంబరు రాసిస్తారట. ఆ సీటు ఆమెది. అయినా నా తువ్వాల ముట్టుకోకుండా, నేనొచ్చి తీసేదాకా ఆగింది.

ఈ రోజు సిరొంచ బస్టాండులో మా ఊరు అంకిస వెళ్ళే బస్సు రాగానే అందరూ కిటికీల మీద పడ్డారు. నాకు ఆ ముసలమ్మ గుర్తొచ్చి చెయ్యి లేవలేదు.

"ఏందయ్యా, గట్ల నిలబడ్డవ్? జల్ది తువ్వాల ఎయ్యి," అంది మా ఆవిడ.

"భూటాన్ల ఎవ్వలన్న ఏసిండ్రా?" అన్నాను.

"ఆడ నంబర్ రాసిస్తరు. ఈడ నీకెవలు రాసిచ్చిండ్రు?"

అంటూనే నా భుజం మీది తువ్వాల లాగి తనే కిటికీలోకి విసిరింది. ఇద్దరికీ చోటు దొరికింది.

మీరైతే ఏం చేసేవారో చెప్పండి. నేను అంకిస దాకా హాయిగా కూర్చునే వచ్చాను. సిగ్గొక్కటే నిలబడి వచ్చింది.