ఊరి పేరు లేని పట్టిక

రాయలసీమలో పొలం గట్ల మీద అక్కడక్కడా, పోరాడి చచ్చినవాళ్ళ పేరిట నిలిపిన వీరగల్లులు కనిపిస్తాయి. ఆవుల మందను దొంగల నుంచి కాస్తూ చచ్చినవాడికి కూడా రాయి నిలిపిన నేల ఇది. కాన్పులో పోయిన ఆడదానికి మాత్రం నేను తిరిగినంత మేర ఎక్కడా రాయి చూడలేదు. అలాంటి పదకొండు మందిని కాగితం మీద నిలిపిన మనిషి ప్రొద్దుటూరులో ఉందంటే వెతుక్కుంటూ వెళ్ళాను. పేరు రూతమ్మ. జమ్మలమడుగులో నర్సు పని నేర్చుకుంది. ఎనభైల్లో తొండూరు వైపు రెండు ఊళ్ళకు ఆమె ఒక్కతే ప్రభుత్వ నర్సమ్మ.

ఆ ఊళ్ళ పేర్లు ఆమె చెప్పదు. పై ఊరు, కింది ఊరు అంటుంది, అంతే. రెండూ రెండు పార్టీలు. నాటుబాంబులు పడ్డాక ఒక ఊరివాళ్ళు ఇంకో ఊరి పొలిమేర తొక్కడం మానేశారు. రూతమ్మ ఉండే ఆరోగ్య కేంద్రం పై ఊళ్ళో ఉంది. పులివెందుల ఆసుపత్రికి దారి కింది ఊరి నడుమ నుంచి పోతుంది. అందుకని కింది ఊరి గర్భిణులు నర్సమ్మ దగ్గరికి రాలేరు, ఆమెకు కబురూ అందదు; కాన్పు కష్టమని తెలిసి పులివెందులకు బండి కట్టేసరికే గంటలు గడిచిపోతాయి. పై ఊరివాళ్ళు నొప్పులు మొదలయ్యాక బండి కట్టుకుని సింహాద్రిపురం మీదుగా చుట్టు తిరగాలి.

మూడేళ్ళలో పదకొండు మంది తల్లులు పోయారు. రూతమ్మ పేరు, ఊరు, తేదీ రాసి పై అధికారులకు పంపింది. అది అక్కడే ఫైల్లో పడుకుంది. అప్పుడు పై ఊళ్ళో గాజులమ్మే అమీర్ బాషా భార్య మాబున్నికి ఏడో నెల. తొలి కాన్పులో కడుపు కోసి బిడ్డను తీశారు కాబట్టి ఈసారి ఇంట్లో కుదరదు. పట్టికలో పన్నెండో పేరు ఎవరిదో రూతమ్మకు ముందే తెలిసిపోయింది.

ప్రభుత్వ నర్సమ్మను ఏ ఊరివాళ్ళూ ఆపరు కాబట్టి, దారి వదలమని అడగడానికి పట్టిక నకలు పట్టుకుని కింది ఊరి పెద్దాయన ఇంటికి నడిచింది. అరుగు మీది మనిషి ఒకడు ఊరి పేర్ల మీద వేలు పెట్టి లెక్కబెట్టాడు. "వాళ్ళకు ఏడు, మనకు నాలుగేనప్పా." అరుగంతా నవ్వింది. సంగతి పై ఊరికి చేరింది. అక్కడి పెద్దాయన ఆమెను పిలిపించి, మా చావులు పగోళ్ళకు చూపించి వస్తావా అని మండిపడ్డాడు. చావుల లెక్క కనపడితే ముందు ఎవరివని చూసే చోట తాను ఊరి పేరు రాశానని రూతమ్మకు అప్పుడు తట్టింది.

మళ్ళీ ఇంటింటికీ తిరిగింది. ఈసారి బతికినవాళ్ళనూ అడిగింది. నొప్పులు ఎప్పుడు మొదలైనాయంటే ఒకామె తెల్లారి మసీదులో అజాన్ వేళ అంది, ఇంకొకామె ముద్దనూరు బస్సు పోయినాక అంది. వాటన్నిటినీ గంటల్లోకి మార్చింది. కొత్త పట్టికలో పేరు లేదు, ఊరు లేదు. రెండే గళ్ళు: సాయం అందడానికి ఎన్ని గంటలు, బతికిందా లేదా. మూడు గంటల లోపు అందినవాళ్ళలో ఒక్కరూ పోలేదు. పోయిన పదకొండు మందీ ఐదు గంటలు దాటినవాళ్ళే.

కింది ఊరి పెద్దాయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఇందులో మావోళ్ళు యాడుండారమ్మా?"

"రాయలేదప్పా."

"యా ఊరోళ్ళో తెలీకుంటే ఎట్లా?"

"తెలిస్తే ఏం జేస్తావు? అయిదు గంటలు బండిలో పొర్లాడి సచ్చింది మనిషి. అది తెలిస్తే సాలదా?"

ఈసారి అరుగు మీద ఎవరూ నవ్వలేదు. ఏడ్వాలంటే తమవాళ్ళని తెలియాలి, నవ్వాలంటే పగవాళ్ళని తెలియాలి. రెండూ తెలియక కూర్చున్నారు. చివరికి పెద్దాయన, బండి ముందర నర్సమ్మ ఉండాలనీ, తోలేవాడు తప్ప మగవాడు ఉండకూడదనీ షరతు పెట్టి దారి వదిలాడు. అది విని పై ఊరాయన కూడా కింది ఊరి ఆడవాళ్ళను ఆరోగ్య కేంద్రానికి రానిచ్చాడు.

మాబున్నికి నొప్పులు పొద్దున వచ్చాయి. పై ఊరి పీర్ సాహెబ్ బండి తోలాడు. కింది ఊళ్ళో అరుగు మీది మనుషులు లేచి నిలబడ్డారు. మొన్న వేలు పెట్టి లెక్కబెట్టినవాడే వచ్చి బండి గుడ్డ ఎత్తి చూసి, దించేశాడు.

"ఏందప్పా, ఎద్దులు నిద్రపోతాండాయా? తోలు."

రెండు గంటల్లో ఆసుపత్రి చేరారు. తల్లీ బిడ్డా దక్కారు.

ఆ ఏడాది పోయిన తల్లి ఒక్కతే. బండివాడు అవతలి ఊరివాళ్ళకు భయపడి, నర్సమ్మకు చెప్పకుండా వేరే దారి పట్టాడట. పట్టికలో ఆ ఒక్క వరుస దగ్గర రూతమ్మ వేలు ఇప్పటికీ ఆగుతుంది. ఆమెది ఏ ఊరని అడిగాను.

"నువ్వు గూడా అదే అడుగుతాండావా అప్పా?" అంది. కాగితం మడిచి, "ఆరు గంటలు" అంది.