సువార్తమ్మక్క అడిగిన వంశావళి

బీపీ పట్టీలోంచి గాలి బుస్సుమని దిగినప్పుడల్లా నాకు సువార్తమ్మక్క విసుగు వినిపిస్తుంది. ముత్తుకూరు దగ్గర మా ఊళ్ళో ఆమెది మా పక్కిల్లు. నర్సు ఉద్యోగం నుంచి రిటైరైంది గాని, నర్సుతనం నుంచి కాలేదు. పెళ్ళిలో అందరూ చీరల అంచులు చూస్తుంటే ఆమె కాళ్ళ వాపులు చూసేది. అయిదో తరగతితో బడి మానేసిన నాకు మిగిలిన చదువంతా ఆమె వాకిట్లోనే సాగింది.

మా పెద్దన్న పోయిన ఏడాదికి ఇంటి ముందు షామియానా వేసి జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరే లేచి, పోయినవారి గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం మాలో ఆనవాయితీ. ఎవరు ఎలా పోయినా ప్రభువు పిలుచుకున్నాడంటాం, అంతకుమించి తవ్వం. సువార్తమ్మక్క లేచి, అన్న మంచితనం జోలికి పోకుండా మా తమ్ముడు ప్రకాశం వైపు తిరిగింది.

"మీ అన్నకి ఎన్నేళ్ళు?"

"నలభై ఏడక్కా."

"మీ నాయన?"

"నలభై తొమ్మిది. తాత గూడా యాభై చూళ్ళేదంట."

"ముగ్గురికీ గుండెనొప్పే గదా? షుగరు గూడా ఉండె గదా?"

వాడు తలూపాడు.

"మీ ఇంటి మగోళ్ళని యాభై లోపలే పిలవమని ప్రభువుకి అర్జీ ఏమన్నా పెట్టినారా? రేపే రక్తం చూపిచ్చుకో అబ్బయా."

షామియానా కింద నవ్వాపుకోలేక అందరూ దగ్గారు. అందరికన్నా గట్టిగా దగ్గింది పాస్టరుగారు.

ప్రకాశానికి అప్పుడు నలభై రెండు. చీపురుపుల్లలా ఉంటాడు. "లావుగా ఉండేవాళ్ళకి గదక్కా అయ్యన్నీ?" అన్నాడు.

"లోపలుండే కొవ్వు నీ చొక్కా సైజు చూసి వస్తదా?"

చూస్తే షుగరు, బీపీ, కొవ్వు మూడూ ఎక్కువే. డాక్టరు మాత్రలు రాశారు. వీడు మాత్రం పరీక్షకు ముందు నాలుగు రోజులు మాత్రలు మింగి, బీడీ మానేసి, కాగితం బాగా రాగానే దాన్ని ఊరంతా చూపించేవాడు. "కాగితాన్ని మోసం చేసినావు. గుండె చదువుకోలేదు, నీ కాగితం దానికి తెలవదు" అని అక్క తిట్టేది.

ఒక ఆదివారం చేపల పులుసు తిని లేచాడో లేదో, వాడికి దవడ లాగింది, ఒళ్ళంతా చెమట పట్టింది. "నొప్పేం లేదు, గ్యాసు" అన్నాడు. మా ఇంట్లో గ్యాసుకు మందు గోలీసోడా. పరుగెత్తి తెచ్చాను. గోడ మీదుగా చూసిన సువార్తమ్మక్క వచ్చి సీసా లాక్కుంది.

"మీ పెద్దన్నకి గూడా ఇదే గదా తాపినావు?"

అవునన్నాను.

"షుగరుండేవాళ్ళకి నొప్పి సరిగా తెలవదే! 108కి ఫోన్ చెయ్యి."

నెల్లూరు దారిలో ప్రకాశం, "ఆ సోడా అన్నా ఇయ్యక్కా" అని మూలిగాడు. "నీ దెబ్బకి నా గొంతెండిపోయింది" అంటూ సీసా అంతా ఆమే తాగేసింది. గుండెకు పోయే రక్తనాళం పూడిందని, వేళకు తెచ్చారని డాక్టర్లన్నారు.

అన్నకు సోడా ఇచ్చింది ఈ చేతులేనని నేను ఆసుపత్రి వరండాలో ఏడ్చాను. "తెలవక ఇచ్చినావు. ఇప్పుడు తెలిసె గదా. ఆ చెయ్యి ఇట్టా ఇయ్యి, రక్తం తీపిద్దాం" అంది అక్క.

"నాకెందుకక్కా? మగోళ్ళకి గదా!"

"నువ్వేమన్నా ఆకాశంలోంచి ఊడిపడినావా?"

నా షుగరూ ఎక్కువే.

ఎనభై దాటాక నిద్రలోనే పోయింది సువార్తమ్మక్క. నేనిప్పటికీ మాత్ర తప్పను. పిల్లలకు మా పెద్దలు ఎలా పోయారో దాచకుండా చెబుతాను. మొన్న ప్రకాశానికి యాభై నిండాయి. మా ఇంట్లో ఆ అంకె చూసిన మొదటి మగవాడని వీధిలో అందరికీ కేకు పంచాం. వాడికి మాత్రం కొవ్వొత్తి ఊదే పని ఒక్కటే ఇచ్చాను.