ఆరో సాంచె ముందు వినోద

వినోదకు సాంచెల కార్ఖానాలో పదకొండేళ్ల నౌకరీ. సాంచె అంటే కరెంటు మగ్గం. అది ఎందుకు మొరాయించిందో చప్పుడు విని చెప్పగలదు. కానీ ఆమె కూర్చునేది గోడ వెనక, దారం కండెలు చుట్టే ఆడవాళ్ల గదిలో. సేటు సదానందం రోజూ షెడ్డంతా ఒక చుట్టు తిరిగి పోతాడు గానీ, ఆ గోడ దాటి తొంగిచూసిన పాపాన పోలేదు. మగవాళ్లు చాయ్‌కు వెళ్లినప్పుడు ఆమె వచ్చి సాంచెలు సరిచేసేది. మెప్పు మాత్రం ఆ సాంచె నడిపేవాడిదే. ఎవరైనా అడిగితే ఈ మహాతల్లి "కాక చూసిండు" అంటూ ఫిట్టర్ సిద్దిరాములు పేరు చెప్పి తప్పుకునేది.

ఆ సిద్దిరాములు మోకాళ్లు అరిగి ఈ నెలతో మానేస్తున్నాడు. ఫిట్టర్ పని ఎవరికివ్వాలో సేటు ఇవాళ తేల్చాలి. సేటు మేనల్లుడు వెంకటేశ్ ఐటీఐ చదివి సిద్ధంగా ఉన్నాడు. వినోదకు ఆ పని కావాలి. ఆ మాట ఇంట్లో కూడా నోరు తెరిచి చెప్పలేదు, ఒక్క సిద్దిరాములుకే చెప్పింది.

"సేటు ముంగట నీ పేరు నేను తీస్త బిడ్డా," అన్నాడాయన. "గని అప్పుడు నువ్వు నా ఎనుక దాక్కోకు."

మధ్యాహ్నం ఆరో సాంచె ఆగింది. దారం మోసే నాడె మాటిమాటికీ మధ్యలో ఇరుక్కుని పోగుల్ని తెంపుతోంది. బడిపిల్లల యూనిఫాం గుడ్డ సాయంత్రానికి లారీ ఎక్కాలి. వెంకటేశ్ గంటసేపు కుస్తీ పట్టాడు. చొక్కా తడిసిందే తప్ప సాంచె కదల్లేదు. సేటు అందరి మీదా అరుస్తున్నాడు.

"వినోదను పిలువుండ్రి," అన్నాడు సిద్దిరాములు చేతులు కట్టుకుని.

"కండెలు సుట్టే వినోదనా? పరాచికమా?" అన్నాడు సేటు.

"ఆమె చెయ్యి తప్పితె నా ముప్పై ఏండ్ల పని తప్పు."

వినోద వచ్చింది. షెడ్డులో అందరి కళ్లూ ఆమె మీదే. పానా అందుకుంది; పోతే ఆమె ఒక్కదాని పరువు కాదు పోయేది. నాడె పెట్టెను తడిమింది. వెంకటేశ్ ఒకవైపు బిగించేకొద్దీ రెండోవైపు వదులైంది. రెండూ సరిచేసి, తెగిన పోగులు ముడేసి, మీట లాగింది. సాంచె నాలుగు పోగులు నేసి ఆగిపోయింది. మరో అర చుట్టు బిగించి మళ్లీ లాగింది. ఈసారి గుడ్డ ఆగకుండా సాగింది.

"శభాష్ సిద్దిరాములూ, మంచిగ నేర్పినవ్," అన్నాడు సేటు.

పదకొండేళ్ల అలవాటు ఊరుకుంటుందా! "అవ్ సేటు, అంత కాకనే..." అనేసి నాలుక కరుచుకుంది. సిద్దిరాములు ముఖం మాడిపోయింది. కుంటుకుంటూ షెడ్డు బయటికి వెళ్లిపోయాడు. ఇక పేరు చెప్పి తప్పుకోవడానికి అక్కడ ఎవరూ లేరు. ఆమెకు కోపం వచ్చింది, ఆయన మీద కాదు, తన మీద.

"సేటూ, నాకు ఎవ్వలు నేర్పలే!" సాంచెల మోతను మించి అరిచింది. "చూసి నేర్సుకున్న. ఇన్నేండ్ల సంది గీ సాంచెలు నేనే బాగుచేస్తున్న. ఫిట్టర్ పని నాకియ్యుండ్రి."

సేటు మేనల్లుడి వంక చూశాడు, గడియారం వంక చూశాడు.

"ఆలోచిస్త. రేపు చెప్త."

"రేపటిలోపు సాంచె ఆగితె ఎవ్వల్ని పిలుస్తరు?"

జవాబు వెంకటేశ్ చెప్పాడు, తల వంచుకునే.

"ఆమెనే పిలువు మామా."